తలుపు వెనక పండగలు

"సంచీ నువ్వు సర్దుకుంటావా, నన్ను సర్దమంటావా?"

వేపచెట్టు కింద చాప మీంచి లేవకుండానే అడిగింది సుకేన. మోకాళ్ళు పట్టేసి లేవలేదు గానీ, లేవగలిగితే చిన్న కోడలి బట్టలన్నీ తన చేతులతోనే వాకిట్లోకి విసిరేసేది. కోపం వచ్చినప్పుడు ఆవిడకి ఒళ్ళు సహకరించకపోవడం దేవుడు ఆ ఇంటికి చేసిన మేలనే చెప్పాలి.

ఆరామ తన గది గుమ్మంలోనే నిలబడింది. "ఏం తప్పు చేశానని సర్దుకోవాలత్తయ్యా?"

"అది నువ్వు చెప్పాలి. అడిగి అడిగి మా నోళ్ళు నొప్పెడుతున్నాయి. మధ్యాహ్నం పూట తలుపేసుకుని ఏం వల్లిస్తున్నావు?"

"ఫ్రెంచి."

"ఫ్రెంచి నీకు వచ్చుగా! కావ్లాక్ పట్నంలో మీ నాన్న బడికి పంపించి మరీ చదివించాడని పెళ్ళినాడు మీ పిన్ని ఊరంతా వినేలా చెప్పుకుంది. వచ్చినదాన్ని మళ్ళీ నేర్చుకునేవాళ్ళుంటారా? అదీ గుసగుసగా? అదీ చర్చి పండగల పేర్లే?"



సుకేన కొడుకు వైపు తిరిగింది. "ఈ చెవులతో విన్నాను నాయనా. నోయెల్ అంది, క్రిస్మస్ అన్నమాట. పాక్ అంది, ఈస్టర్. తర్వాత ఇంకేదో నోరు తిరగనిది, అక్కడ ఆగి ఆగి అంది. తూసాఁ అంది. అది వాళ్ళు సమాధుల దగ్గర దీపాలు పెట్టే రోజు. ఒక్కనాడు కాదు, రోజూ ఇదే వరస. మన పండగ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ తలుపు వెనకనుంచి వినపడలేదు."

హమాది శుక్రవారం నమాజుకి తయారై తెల్లజుబ్బా వేసుకుని ఉన్నాడు. బజారులో అతనిది దర్జీ కొట్టు. ఎదుటి మనిషి మొహం కంటే భుజాల కొలత ముందు చూసే అలవాటు. ఇద్దరు పెళ్ళాలున్నా ఏ గొడవలోనూ ఎవరి పక్షమూ పట్టకుండా ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఈసారి జారుకోవడానికి సందు దొరకలేదు.

"నేను కోప్పడట్లేదు ఆరామా," అన్నాడు కోపంగానే. "మతం మారాలనుకుంటున్నావా? అదొక్కటి చెప్పు."

"లేదు."

"మరి ఆ పేర్లెందుకు?"

"మీ కొట్లో ఈ నెలంతా కుడుతున్నవి ఏమిటి? ఈస్టర్ గౌన్లు కావూ? వాళ్ళ పండక్కి మీరు బట్టలు కుట్టచ్చు, నేను పేరు పలికితే మాత్రం తప్పొచ్చిందా?"

"అది నా పని."

"ఇది కూడా..." అని, నాలుక కరుచుకుంది.

ఆ ఆగిపోవడం హమాది గమనించాడు. సుకేన అంతకంటే బాగా గమనించింది.

"చెప్పు, చెప్పు. ఇది కూడా పనేనా? ఎవరు పెట్టారమ్మా ఈ పని? పక్కింటి ఫిలోమెనేనా? రోజు మార్చి రోజు ఆవిడ గడప ఎందుకు తొక్కుతున్నావో నాకు తెలియదనుకోకు."

పక్కింటి ఫిలోమెన్ మాట వచ్చింది కాబట్టి ఆ సంగతి చెప్పుకోవాలి. ఫిలోమెన్‌ది సెరేరు తెగలో ఫాయ్ వంశం, చర్చికి వెళ్ళే ఇల్లు. సుకేన ఏటి గట్టు ఫులానీ తెగ ఆడపడుచు. సెరేరులకీ ఫులానీలకీ తాతల కాలం నుంచి వేళాకోళపు వరస ఉంది. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే, తిట్టినవాళ్ళది కాదు, కోపం తెచ్చుకున్నవాళ్ళదే తప్పు.

వీళ్ళిద్దరూ కొత్త కోడళ్ళుగా ఉన్నప్పటినుంచీ తెల్లారితే గోడకి ఇటూ అటూ నిలబడి అదే పని. "ఏమే నా బానిసా, ఇంకా బతికే ఉన్నావా?" అని ఈవిడ. "నిన్ను పూడ్చిపెట్టకుండా ఎక్కడికి పోతానే, పాలు కాచడం తప్ప వంట తెలియనిదానా?" అని ఆవిడ. సుకేన మొగుడు పోయిన రోజున కూడా ఫిలోమెన్ వచ్చి, నన్నడక్కుండా ఎలా చచ్చాడని శవం ముందు నడుం మీద చేతులేసుకుని పోట్లాడితే, ఏడుస్తున్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు. సుకేన కూడా నవ్వింది.

అలాంటి ఫిలోమెన్ మొన్నీమధ్య గోడమీంచి, "ఈ ఈస్టర్‌కి నీ చిన్న కోడల్ని మా గుడికి పట్టుకుపోతున్నానే. తెల్లగౌను నీ కొడుకు చేతే కుట్టిస్తాలే," అంది. మామూలు రోజుల్లో అయితే సుకేన దానికి రెండింతలు వడ్డించేది. కానీ ముందురోజే తలుపు వెనక ఆ పేర్లు విని ఉంది. ఒక్క మాట అనకుండా మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆనాటినుంచీ గోడ దగ్గర తిట్లు లేవు. వీధిలో వాళ్ళకి అది చావు మేళం వినపడినట్టే ఉంది.

హమాది టోపీ సర్దుకున్నాడు. "నమాజు నుంచి వస్తూ కారు మాట్లాడుకొస్తాను. నిన్ను మీ నాన్నగారింట్లో దింపుతాను. నాకు చెప్పనిది ఆయనకైనా చెప్పు."

"చెప్పాక?"

"చెప్పాక చూద్దాం."

ఆ 'చూద్దాం' అంటే ఏమిటో ఆరామకి తెలుసు. పెళ్ళై మూడేళ్ళు దాటినా ఒళ్ళో బిడ్డ లేని చిన్న పెళ్ళాం పుట్టింటికి వెళ్తే, తీసుకురావడానికి మళ్ళీ ఎవరూ కారు మాట్లాడరు. ఆమె సొంత పెద్దక్కకి అలాగే జరిగింది.

గదిలోకి వెళ్ళి సంచీ తీసింది. సంచీలో ఒక్క బట్టా పెట్టకుండా, గది వెనక తలుపు తీసుకుని వంటింట్లోకి నడిచింది.

వంటింట్లో ఆరోజు వంతు పెద్ద కోడలు పెందాది. వంతు చిన్నదానిదైనా పెద్దదానిదైనా ఆ పొయ్యి పెందాదే, కొట్టుగది తాళాలూ పెందావే. నలభై దాటిన మనిషి. కొడుకులిద్దరూ రాజధాని డకార్‌లో పనుల్లో ఉన్నారు, కూతురు కాపురానికి వెళ్ళింది. పెందా గొంతు పైకి లేవగా ఎవరూ వినలేదు, ఆమె మాటకి ఎదురు చెప్పగా కూడా ఎవరూ చూడలేదు.

నూనెలో చేప తిప్పుతోంది.

"విన్నావుగా అక్కా," అంది ఆరామ.

"విన్నాను. నాకూ ఉన్నాయి చెవులు."

"అయితే వెళ్ళి చెప్పు."

"నూనె చిందుతోంది. వెనక్కి జరుగు."

"జరగను. ఆ గొంతు నాది కాదని చెప్పు. నీదని చెప్పు."

పెందా గబుక్కున వాకిలి వైపు చూసింది. అక్కడ సుకేన జపమాల తిప్పుకుంటోంది. పెందా పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. మంట తగ్గింది.

నిజానికి ఆ పాఠాలు అడిగింది పెందాయే. చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం వెనక తలుపు తోసుకుని ఆరామ గదిలోకి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, నేల చూస్తూ అడిగింది. సిస్టర్లు నడిపే పసిపిల్లల బడిలో ఆయా కావాలట. ఫిలోమెన్ చెల్లెలు వరసైన సిస్టరే ఆ బడికి పెద్ద. పిల్లల్లో సగం మనవాళ్ళు, సగం వాళ్ళు. గోడమీద ఏడాది పొడుగునా పండగల బొమ్మలుంటాయి. ఏ పండగ వస్తే ఆ బొమ్మ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఫ్రెంచిలో పేరు పలికించాలి, పాట పాడించాలి. "మన పండగల పేర్లు నాకు వచ్చు. వాళ్ళవే రావు. అవి నేర్పు," అంది. మళ్ళీ తనే, "ఎవరికైనా చెప్పావంటే మీ అమ్మ పాల మీద ఒట్టు," అంది.

ఆరామ నేర్పింది. బడిలో తను చదువుకున్నవి కొన్ని. అర్థం తనకే తెలియనివి ఉంటే ఫిలోమెన్ దగ్గరికి పరుగెత్తి అడిగి వచ్చేది. ఈస్టర్ తర్వాత క్రీస్తు ఆరోహణ పండగ అసాన్సియోఁ దాటేది గానీ, పాంతకోత్ పండగ దగ్గర పెందా నాలుక ప్రతిసారీ మడతపడేది. "ఈ పేరు పెట్టినవాడికి పళ్ళు లేవేమోనే," అని నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ ఇంట్లో అంతకుముందు ఆరామ ఆ నవ్వు వినలేదు. ఆ మధ్యాహ్నాలంటే ఆమెకి చాలా ఇష్టంగా ఉండేది. సవతి అన్న మాట ఆ గంటసేపూ గుర్తొచ్చేది కాదు.

ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఎందుకు చెప్పవు? సిగ్గా?"

"సిగ్గే. పెద్ద పెళ్ళాం పోయి చిన్నదాని ముందు కూర్చుని పాఠం అప్పజెప్పిందంటే వీధి వీధంతా నవ్వదూ?"

"నవ్వితే నవ్వనీ. ఇక్కడ నా కాపురం పోతోంది!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. అక్కా, ఒకటి అడుగుతాను. నీ గది ఉండగా నా గదిలోనే నేర్చుకుంటానన్నావు. నా తలుపే వేయించావు. అత్తయ్య నీడకోసం నా కిటికీ పక్కకి జరిగే వేళకే వచ్చేదానివి. దొరికిపోయింది నేను. ఇప్పుడు నువ్వు చేపలు వేయించుకుంటున్నావు." ఆరామ పొయ్యికి ఇంకా దగ్గరికి జరిగింది. "నన్ను సాగనంపడానికా ఇదంతా?"

పెందా చాలాసేపు ఆమెవైపు చూసింది. ఆ చూపులో ఏముందో ఆరామకి అంతు చిక్కలేదు. చేప ఒకపక్క నల్లబడింది. ఆ పొయ్యి మీద ఏదైనా మాడడం అదే మొదటిసారి కావచ్చు.

"నువ్వే చెప్పెయ్. నేను కాదనను," అంది పెందా చివరికి.

"నేను చెప్తే నమ్ముతారా? తప్పించుకోవడానికి సవతి మీద చాడీ చెప్తోందంటారు. అది నీకూ తెలుసు. తెలిసే చెప్పమంటున్నావు."

పెందా మాడిన చేప తీసి తన వాటా కింద పక్కన పెట్టుకుంది.

నమాజు అయ్యాక అందరూ పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. అన్నం మీద చేప. మామూలుగా వండిన మనిషే చేప విరిచి ఒక్కొక్కరి ముందుకీ తోస్తుంది. పెందా మంచి ముక్క తీసి ఆరామ ముందు పెట్టింది. ఆరామ దాన్ని వేలితో పళ్ళెం మధ్యకి నెట్టేసింది. పెందా మళ్ళీ తోసింది. ఆరామ మళ్ళీ నెట్టింది. ఆ ముక్క చివరిదాకా అక్కడే ఉండిపోయింది. పెందా పళ్ళెం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది.

బయట వీధిలో సందడిగా ఉంది. గుడ్‌ఫ్రైడే నాడు చర్చి ఇళ్ళవాళ్ళు ఎంగలాఖ్ చేసి, మూతపెట్టిన గిన్నెల్లో మసీదు ఇళ్ళవాళ్ళకి పంపుతారు. సజ్జ రవ్వలో వేరుశనగ ముద్ద, పులుపు గుజ్జు, చక్కెర కలిపిన చల్లటి పాయసం. బక్రీదు నాడు మాంసం ఇటునుంచి అటు వెళ్తుంది, ఈరోజు గిన్నెలు అటునుంచి ఇటు వస్తాయి. ఎదురింటికి వచ్చింది. మూలింటికి రెండు వచ్చాయి. సుకేన గుమ్మం వైపు చూడనట్టే చూస్తోంది.

"ఇంకా రాలేదేం?" అన్నాడు హమాది, ఏదో ఒకటి అనాలని.

"రాకపోతే ఏం? నాకేమన్నా కరువా?" అంది సుకేన. కానీ ఆవిడ ఈ వీధికి వచ్చాక గిన్నె రాని గుడ్‌ఫ్రైడే లేదు. మనసులో కలుక్కుమంటూనే ఉంది.

గుమ్మం బయట కారు హారన్ మోగింది. ఆ వెనకే ఫిలోమెన్ లోపలికి వచ్చింది. ఎప్పుడూ పిల్లల చేత పంపించే గిన్నెని ఈసారి తానే రెండు చేతులా పట్టుకుని వచ్చింది. నల్లచీటీ గౌను, తలకి నల్లగుడ్డ. గుమ్మం దాటుతూ తిట్టాల్సిన తిట్టు తిట్టలేదు.

"బండి ఎవరికి?" అంది.

"నీకు తెలియనట్టు!" అంది సుకేన. "ఆ గిన్నె తీసుకెళ్ళిపో. ఈ ఏడు మాకొద్దు."

"నా గిన్నె ఏనాడూ ఈ ఇంటినుంచి వెనక్కి పోలేదే."

"నువ్వూ ఏనాడూ నా కోడలి జోలికి రాలేదు."

"వేళాకోళమాడానే, పిచ్చిదానా!"

"వేళాకోళమని నాకెలా తెలుస్తుంది?"

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" ఫిలోమెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫులానీ పిల్లవి, ఫాయ్ ఇంటి మనిషి మాటకి కోపం తెచ్చుకున్నావు. మీ అమ్మ వింటే ఏమనేది? తప్పు నాదా, నీదా?"

సుకేన జపమాల వేళ్ళ మధ్య ఆగింది. ఒక్క క్షణం ఆవిడ మెత్తబడినట్టే కనిపించింది. కానీ అనుమానం అంత తేలిగ్గా పోయేది కాదు కదా.

"అయితే ప్రమాణం చెయ్యి. నా కోడలికి నీ పండగలు నువ్వు నేర్పలేదని."

"ఏ కోడలికి?" అంది ఫిలోమెన్.

అని వెంటనే పెదవి కరుచుకుంది. కళ్ళు వంటింటి వైపు పోయి వెనక్కి వచ్చాయి.

"ఏ కోడలికి అని అడుగుతావేం?" సుకేన వెన్ను నిటారైంది. "హమాదీ, విన్నావా? ఏ కోడలికి అంటుందేమిటి ఇది?"

హమాదికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు చేతిలో ఉన్న పని చెయ్యడమే అతనికి తెలిసిన దారి. ఆరామ సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టిన సంచీ అందుకోబోయాడు. అంతకుముందే ఆరామ దాన్ని ఎత్తుకుంది.

"పదండి," అంది.

అప్పుడు వంటింట్లోంచి పెందా వచ్చింది. తడిచేతులు నడుముకి తుడుచుకుంది. ఎవరివైపూ చూడకుండా సూటిగా ఫిలోమెన్ దగ్గరికి నడిచి, గిన్నె రెండు చేతులా అందుకుంది.

"బోన్ ఫెత్ ద పాక్," అంది. ఈస్టర్ శుభాకాంక్షలని.

"అది ఆదివారం చెప్పాలే, ఇవాళ కాదు," అంది ఫిలోమెన్ అలవాటుకొద్దీ.

"ఆదివారం దాకా ఆగితే ఈ పిల్ల ఉండదు." పెందా అత్తగారి వైపు తిరిగింది. గిన్నె చేతుల్లోనే ఉంచుకుని, నెమ్మదిగా, బడిపిల్ల అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "నోయెల్. పాక్. అసాన్సియోఁ. పాంత... పాం... పాంతకోత్. తూసాఁ."

కారువాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

సుకేన నోరు కాస్త తెరుచుకుంది. "ఆ ఆగిపోవడం... నేను విన్నది..."

"నన్నే విన్నారత్తయ్యా. ఆరామ బడికెళ్ళిన పిల్ల. అది ఆగదు. తడబడేది నేను."

"నువ్వా? నువ్వు... ఎందుకూ?"

పెందా చెప్పాలో వద్దో తేల్చుకునేలోపే ఫిలోమెన్ ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. "వచ్చేసిందే నీకు! ఇంక మా సిస్టర్ ఏమీ అనదు. ఎంబూర్‌లో నీ గదికి సున్నం కూడా వేయించిందట. సముద్రం వైపు కిటికీ..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఏం అనేసిందో అప్పటికి తెలిసొచ్చింది.

"ఏ గది?" అన్నాడు హమాది.

ఆరామ చేతిలో సంచీ జారిపోయింది. ఆ బడి మార్కెట్ వెనకాల ఉన్న సిస్టర్ల బడి అనుకుంది ఆమె. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తుందనుకుంది. సముద్రం ఒడ్డున దూరంగా ఉన్న ఎంబూర్ ఊరి పేరు ఆ మధ్యాహ్నాల్లో ఒక్కసారి కూడా పెందా నోట రాలేదు.

"పెందా, నిన్నే. ఏ గది?"

పెందా గిన్నెని అత్తగారి చాప మీద పెట్టింది. ఆమె గొంతు అప్పుడూ లేవలేదు. అందుకే అందరికీ బాగా వినపడింది.

"ఆయాకి గది ఇస్తారు. అక్కడే ఉండాలి. నెలకోసారి వస్తాను, మీరు రానిస్తే."

"ఇల్లు వదిలిపోతావా?" సుకేన గుండె మీద చెయ్యి వేసుకుంది. "నేనేం తక్కువ చేశానే నీకు? వీడేం తక్కువ చేశాడు?"

"ఎవరూ ఏం తక్కువ చెయ్యలేదత్తయ్యా. మీ ఇంటికొచ్చినప్పటినుంచి రంజాను వండాను, బక్రీదు వండాను, ప్రవక్త పుట్టిన మౌలూదు వండాను, పిల్లల పేర్ల పండగలూ పెళ్ళిళ్ళూ వండాను. ప్రతి పండగా నా చేతుల మీదుగానే వెళ్ళింది. ఒక్కటీ కూర్చుని చూడలేదు. మీరంతా పండగ ఎలా ఉందంటే బావుందనేదాన్ని. ఆ బడిలో పండగొస్తే పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలట. అదే పనట. వంట ఇంకొకరు చేస్తారట." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవాల్సినంత తడి ఉంది. "కూర్చోవాలనిపించింది."

హమాది నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషి కూర్చుని ఉండగా తను చూసిన రోజు ఏదని వెతుక్కుంటున్నట్టుంది.

ఆరామ ఒకడుగు ముందుకేసింది. ఆమెకి జాలి కలిగింది. జాలి వెనకే ఇంకోటి కూడా కలిగింది, దాన్ని ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అక్కా, ఇప్పుడు నన్నెందుకు ఆపావు? పొద్దున నోరు విప్పలేదు. కారు వచ్చాక విప్పావు."

"విప్పితే నా దారి మూసుకుపోతుందని భయపడ్డాను."

"మరి ఇప్పుడు?"

పెందా ఆమెవైపు చూసింది. ఇందాక పొయ్యి దగ్గర చూసిన చూపే. "నువ్వు వెళ్ళిపోతే అది ఎలాగూ మూసుకుపోతుంది. అత్తయ్యకి మోకాళ్ళు లేవు. ఈ ఇంట్లో ఒక్క కోడలైనా ఉండాలిగా."

"అంటే నన్ను ఉంచింది ఈ పొయ్యి నాకు అప్పజెప్పడానికా?"

"అందుకు కూడా," అంది పెందా. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు, చేతనైతే ఆ క్షణాన అందరికీ బావుండేది.

ఫిలోమెన్ గుమ్మం వైపు ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తోంది. సుకేన ఆవిణ్ణి చూడట్లేదు. పెద్ద కోడల్ని కూడా చూడట్లేదు. ఆవిడ చూపు మళ్ళీ ఆరామ మీదికే వచ్చి ఆగింది. పొద్దున చూసిన చూపు దీనికంటే నయం.

"నువ్వు నేర్పావు," అంది నెమ్మదిగా.

"అడిగింది కాబట్టి నేర్పానత్తయ్యా."

"తలుపేసి నేర్పావు. ఎవరికీ తెలియకుండా నేర్పావు. పక్కింటికి పరుగులెత్తి మరీ అడిగొచ్చి నేర్పావు." సుకేన ఒక్కొక్క మాటా జపమాల పూసలా జరిపింది. "పెద్దది గడప దాటితే ఇంక ఈ ఇంట్లో నీకు అడ్డెవరున్నారు? నా కోడలు చర్చికి పోతోందని నేను ఏడుస్తున్నాను. నువ్వేమో నా కోడల్ని ఇంట్లోంచి పంపించే పాఠం చెప్పుకుంటున్నావు."

"నాకు తెలియదు!" ఆరామ అరిచింది. "గది సంగతి నాకు తెలియదు. ఎంబూర్ సంగతి తెలియదు. ఆవిణ్ణే అడగండి!"

"తెలియదు," అంది పెందా. "దానికి నేను చెప్పలేదు."

"నువ్వు దాన్ని వెనకేసుకురాకు," అంది సుకేన.

హమాది అప్పుడు తలెత్తాడు. వీధి వైపు చెయ్యి ఊపి కారువాణ్ణి వెళ్ళిపొమ్మన్నాడు. తర్వాత ఆరామ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజంతా మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"నీకు తెలియదంటే నమ్ముతాను," అన్నాడు. "ఒక్కటి చెప్పు. తెలిసుంటే నేర్పేదానివి కాదా?"

ఆరామ కాదనబోయింది. మాట గొంతు దాకా వచ్చింది. ఎన్నో మధ్యాహ్నాలు పక్కపక్కన కూర్చున్న మనిషి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్విన మనిషి, ఆ పొయ్యి ముందు ఇన్నేళ్ళూ నిలబడ్డ మనిషి ఎదురుగా ఉంది. ఆ మనిషి వెళ్ళిపోతే ఈ ఇంట్లో తాళాలు తనవి, వాకిలి తనది, పక్కన నిలబడ్డ ఈ మొగుడు తనవాడు. ఏది ముందు తోచిందో ఆమెకే తెలియలేదు. నోరు తెరిచే ఉంది గానీ మాట రావట్లేదు.

సుకేన ఎదురుచూస్తోంది. హమాది ఎదురుచూస్తున్నాడు. వాళ్ళిద్దరి కంటే ఎక్కువగా, చాప పక్కన నిలబడి, పెందా ఎదురుచూస్తోంది.